ఇనుప కిరీటంలో ఇనుము లేదు

మణులు నడిచిన దారి: 6వ భాగం

1805 మే 26న మిలాన్ కెథెడ్రల్లో నెపోలియన్ ఇటలీ రాజుగా పట్టాభిషిక్తుడయ్యాడు. అంతకు ఆరు నెలల ముందే, 1804 డిసెంబరు 2న, పారిస్‌లో ఫ్రెంచి చక్రవర్తి అయ్యాడు. బంగారు, వజ్రాల కిరీటాలు ఎన్నయినా చేయించుకోగల స్థితి అతనిది. అయినా మిలాన్ పట్టాభిషేకానికి మాత్రం పొరుగున ఉన్న మోంజా పట్టణపు చర్చి ఖజానా నుంచి ఒక పాత కిరీటాన్ని తెప్పించాడు. దాన్ని స్వయంగా అందుకుని తలమీద పెట్టుకున్నాడు. ఇది దేవుడు నాకిచ్చింది, దీని జోలికొచ్చిన వాడికి కీడు తప్పదు అనే అర్థం వచ్చే మాట అన్నాడని చెబుతారు.

ఆ కిరీటం పేరు 'ఇనుప కిరీటం'. చూడబోతే అంతా బంగారమే. ఆరు బంగారు పలకలు బందులతో ఒకదానికొకటి అతుక్కుని గుండ్రంగా నిలబడతాయి. పలకల మీద ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగుల ఎనామెల్ పని, మధ్యలో పొదిగిన రాళ్లు, బంగారు పూలు ఉంటాయి. వ్యాసం 15 సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ల తలకు సరిపోదు. లోపలి అంచున పలకలన్నిటినీ పట్టి ఉంచే సన్నని లోహపు పట్టీ ఒకటి చుట్టూ తిరిగి ఉంటుంది. కిరీటానికి ఆ పేరు తెచ్చింది ఈ పట్టీయే. ఏసుక్రీస్తును శిలువకు కొట్టిన మేకుల్లో ఒకదాన్ని సాగగొట్టి దీన్ని చేశారని మోంజా భక్తుల నమ్మకం.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి హెలెనా జెరూసలేంలో నిజమైన శిలువను కనుగొన్నదనీ, దాని మేకుల్లో ఒకటి కొడుకు కిరీటంలోకీ మరొకటి గుర్రపు కళ్లెంలోకీ చేరాయనీ మిలాన్ బిషప్ ఆంబ్రోస్ చెప్పాడు. 395లో థియోడోసియస్ చక్రవర్తి సంస్మరణ సభలో ఆయన అన్న మాట అది. చాలా శతాబ్దాలు గడిచాక ఆ మాట వచ్చి మోంజా కిరీటానికి అంటుకుంది. 17వ శతాబ్దం చివర్లో మురటోరి అనే గొప్ప చరిత్రకారుడు దీన్ని ప్రశ్నించాడు. పాత రాతల్లో ఎక్కడా ఆధారం లేదన్నాడు. పెద్ద వివాదమే నడిచింది. చివరికి రోమ్ పీఠం కిరీటాన్ని పవిత్ర అవశేషంగా కొలవడానికి అనుమతినిచ్చింది. కాగితాల ఆధారంగా నడిచిన వాదన అంతకంటే ముందుకు వెళ్లే దారి లేక ఆగిపోయింది.

1993లో మిలాన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ కిరీటాన్ని పరీక్షించారు. రేణువంత లోహం కూడా గీకకుండా ఎక్స్‌రే కిరణాలు పంపి చూశారు. లోపలి పట్టీ 99 శాతం వెండి అని తేలింది.

ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఈ ధారావాహికలో ముందు ముందు కూడా దీని అవసరం పడుతుంది. ఎక్స్‌రే కిరణం లోహంలోని పరమాణువును తాకినప్పుడు దాని లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఒకటి బయటికి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్య నుంచి మరో ఎలక్ట్రాన్ దిగుతుంది. దిగేటప్పుడు మిగిలిన శక్తిని తిరిగి ఎక్స్‌రే రూపంలోనే వదులుతుంది. గుడి గంటలు వేటి నాదం వాటిదైనట్టు, ఏ మూలకం వదిలే కిరణం శక్తి దానిదే. ఇనుముది 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, వెండిది దాదాపు 22. ఒకదాన్ని చూసి మరొకటి అనుకునే వీలే లేదు. మన కంసాలి గీటురాయి మీద బంగారాన్ని గీసి ఆ గీత రంగు చూసి వన్నె చెబుతాడు. మధ్యయుగపు యూరప్ స్వర్ణకారులూ అదే చేశారు. గీటురాయికి గోరంతయినా లోహం అరగాలి. ఎక్స్‌రేకి అదీ అక్కర్లేదు.

అయితే ఈ పరికరం చూసేది పైపొరనే. బంగారంలో అయితే మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల లోతు దాటి సమాచారం రాదు. వెండికి రాగి కలిపిన పాత వస్తువుల్లో శతాబ్దాల తరబడి తేమకూ, తుడవడానికీ గురై పైపొరలోని రాగి కరిగిపోతుంది, వెండి మిగులుతుంది. అలాంటి వస్తువును యంత్రం ముందు పెడితే ఉన్నదానికంటే మేలిమిగా కనిపిస్తుంది. అందుకే లోహ పరీక్షల్లో వచ్చిన శాతాలను పుచ్చుకునేటప్పుడు అనుభవజ్ఞులు కొంచెం వెనకాడతారు. మోంజా పట్టీ విషయంలో మాత్రం ఆ సందేహం లెక్కలోకి రాదు. మేలిమి ఒకటి రెండు శాతాలు అటూ ఇటూ అయినా, వెండి ఇనుము కాబోదు.

మరి ఆ పట్టీ ఎప్పటిది? 1345లో అంతెలొత్తో బ్రాచ్చోఫొర్తే అనే స్వర్ణకారుడు మోంజా ఖజానాను మరమ్మతు చేశాడు. వదులైపోయిన పలకలకు దన్నుగా అప్పుడు ఈ వెండి పట్టీ వేసి ఉంటాడని ఒక ఊహ. నాకు అది నమ్మదగిన మాటగానే తోస్తుంది. ఒక పనివాడు తన పని తాను శుభ్రంగా చేసి పెట్టిన బిగింపును తర్వాతి తరాలు దైవ స్పర్శగా చూశాయి. ఈ ఫలితం విని విశ్వాసం ఓడిపోయిందని సంబరపడిన వాళ్లున్నారు, చర్చిని అవమానించారని నొచ్చుకున్న వాళ్లూ ఉన్నారు. ఆ కిరీటం ముందు మోకరిల్లిన వందల ఏళ్ల జనం భక్తి నిజం. అది వెండి అన్నదీ నిజం. చరిత్రకారుడికి రెండూ కావాలి.

నిజానికి 1993 పరీక్షల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వెండి కాదు, మైనం. కిరీటంలోని రాళ్లు గూళ్లలో కదలకుండా కింద తేనెమైనం, మట్టి కలిపిన ముద్ద పెట్టారు. తేనెమైనం ఒకప్పుడు ప్రాణమున్న పూల నుంచి, తేనెటీగల నుంచి వచ్చింది కాబట్టి అందులో రేడియో కార్బన్ ఉంటుంది. బంగారానికి వయసు చెప్పే పద్ధతి లేదు. రాయి వయసు కోట్ల ఏళ్లు, దానివల్ల మనకు ఉపయోగం లేదు. రాయికీ బంగారానికీ మధ్య ఇరుక్కున్న కాస్త మైనమే అసలు సాక్షి అయింది. కాలనిర్ణయం చేస్తే క్రీ.శ. 500 నుంచి 800 మధ్యకు వచ్చింది. అంటే కిరీటం ఒక్కసారిగా పుట్టింది కాదు, పాత దాన్ని తర్వాతి కాలంలో బాగుచేసుకుంటూ వచ్చారు. రాళ్ల లెక్కా అదే చెబుతుంది. మొత్తం 22లో ఏడు ఎర్రని గార్నెట్లు, ఏడు నీలాలు, నాలుగు ఊదారంగు అమెథిస్టులు. మిగిలిన నాలుగూ గాజు.

గాజు అనగానే మోసం అనుకోనక్కర్లేదు. గత భాగంలో సెయింట్ డెనీ మఠాధిపతి సుజేర్ కథ చెప్పుకున్నాం. 12వ శతాబ్దంలో ఆయన మూడు మఠాల సన్యాసుల దగ్గర రాశి రాశిగా మణులు 400 పౌన్లకు కొన్నానని, వాటి విలువ అంతకంటే చాలా ఎక్కువని తానే రాసుకున్నాడు. ఆ కాలపు క్రైస్తవులకు మణి అంటే ముందుగా వెలుగు, రంగు. బైబిల్ చివరి గ్రంథం ప్రకటనలో స్వర్గపు జెరూసలేం ప్రాకారానికి పన్నెండు పునాదులు, పన్నెండు రకాల రాళ్లు. రెన్ నగరపు బిషప్ మార్బోద్ సుజేర్ కంటే కొన్ని దశాబ్దాల ముందు మణుల మహిమల మీద లాటిన్‌లో ఒక పద్యకావ్యమే రాశాడు. ఏ రాయి ఏ జబ్బుకు, ఏ రాయి ఏ భయానికి అని మన రత్నశాస్త్రాల్లో ఉన్నట్టే అందులోనూ ఉంటుంది. నీలపు రంగు స్వర్గాన్ని గుర్తుచేయాలి. ఆ పని గాజూ చేయగలదు.

దీనికి చక్కని ఉదాహరణ ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో ఉంది. 'షార్లెమేన్ తాయెత్తు' అని దాన్ని పిలుస్తారు. బంగారు చట్రంలో ముందూ వెనకా రెండు పెద్ద నీలి రాళ్లు, చుట్టూ గార్నెట్లు, పచ్చలు, ముత్యాలు. మధ్యలో పవిత్ర అవశేషం దాచే జాగా. 814లో చనిపోయిన షార్లెమేన్ చక్రవర్తి సమాధి తెరిచినప్పుడు మెడలో దొరికిందని ఐతిహ్యం. చాలాకాలం జర్మనీలోని ఆఖెన్ కెథెడ్రల్ ఖజానాలో ఉంది. 1804లో ఆ నగరం ఫ్రెంచి పాలనలో ఉండగా అక్కడి బిషప్ దాన్ని నెపోలియన్ భార్య జోసెఫీన్‌కు కానుకగా ఇచ్చాడు. ఆమె వారసుల చేతులు మారి, చివరికి నెపోలియన్ 3 భార్య యూజెనీ దాన్ని 1919లో రీమ్స్ చర్చికి ఇచ్చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫిరంగుల దెబ్బకు శిథిలమైన ఆ చర్చికి ఆమె చూపిన గౌరవం అది.

ఫ్రెంచి శాస్త్రవేత్తలు పరికరాలను ఆ తాయెత్తు ఉన్న రీమ్స్ మ్యూజియానికే తీసుకెళ్లి పరీక్షలు చేశారు. 2019లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. రెండు పెద్ద నీలి రాళ్లలో ఒకటి గాజు, కోబాల్ట్‌తో రంగు తెచ్చిన గాజు. లోపల దాచిన, నిజమైన శిలువదని నమ్మిన ముక్క స్పష్టంగా కనబడాలని పాత రాయి స్థానంలో దాన్ని అమర్చినట్టున్నారు. రెండోది అసలైన నీలం. బరువు సుమారు 190 క్యారెట్లు. అది బహుశా శ్రీలంకది అని వాళ్లు తేల్చారు.

శ్రీలంకదని ఎలా చెప్పగలిగారు? నీలం అంటే అల్యూమినియం ఆక్సైడ్. శుద్ధంగా ఉంటే రంగే ఉండదు. పిసరంత ఇనుము, టైటానియం చేరితే నీలిరంగు వస్తుంది. ఫ్రాన్స్ మధ్యభాగంలో ల్ ప్వీ ఊరి దగ్గర వాగుల్లో కూడా నీలాలు దొరుకుతాయి. మధ్యయుగంలోనూ అక్కడివాళ్లు ఏరుకున్నారు. కాబట్టి ఒక ఫ్రెంచి ఖజానాలో నీలం కనిపిస్తే దూరదేశానికి పరుగెత్తకముందు ఇంటి వెనక వాగును చూడాలి. ల్ ప్వీ రాళ్లు అగ్నిపర్వతపు బసాల్ట్ లావాతో పైకి వచ్చినవి. వాటిలో ఇనుము, గాలియం ఎక్కువ. శ్రీలంక నీలాలు రూపాంతర శిలల్లో పుట్టినవి, ఇనుము తక్కువ. కాంతిని రాయిగుండా పంపి ఏ రంగును ఎంత మింగుతోందో చూస్తే ఈ తేడా బయటపడుతుంది. పొదిగిన గూడులోంచి రాయిని తీయాల్సిన అవసరం లేదు.

ఇక అసలు విషయం, ఎర్ర రాళ్లు. ఈ భాగం రాయాలనుకున్నది వీటి కోసమే.

5, 6 శతాబ్దాల పశ్చిమ యూరప్ రాజుల నగలు చూస్తే కళ్లు ఎర్రబడేంత గార్నెట్. గార్నెట్ ఒక ఖనిజ కుటుంబం. మన నవరత్నాల్లోని గోమేధికమూ దానిలోదే. ముదురెరుపు గార్నెట్లను మిల్లీమీటరు మందాన పలచని పలకలుగా అరగదీసి, బంగారు పట్టీలతో కట్టిన చిన్న గళ్లలో ఒక్కోటి అమర్చారు. ప్రతి పలక కింద సన్నని గళ్లు నొక్కిన బంగారు రేకు. పై నుంచి పడిన వెలుతురు ఆ గళ్లకు తగిలి చెదిరి మళ్లీ పైకి వస్తుంది. దీపం వెలుగులో రాయి మండుతున్నట్టు ఉంటుంది. ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ 481 ప్రాంతంలో చనిపోతే బెల్జియంలోని తుర్నేలో పాతిపెట్టారు. 1653లో అక్కడి సెయింట్ బ్రీస్ చర్చి పక్కన తవ్వుతుంటే ఆ సమాధి బయటపడింది. అందులో ఉన్నవే గార్నెట్ రెక్కల బంగారు తేనెటీగలు, దాదాపు 300. నెపోలియన్ తన రాజచిహ్నంగా తీసుకున్న తేనెటీగ అక్కడిదే. 1831లో పారిస్ రాజ గ్రంథాలయంలో దొంగలు పడి ఆ నిధిలో చాలా భాగం ఎత్తుకుపోయి కరిగించేశారు. ఇవాళ మిగిలినవి రెండే రెండు తేనెటీగలు. కరిగిపోయిన ఆ బంగారాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

దొంగల చేతికి చిక్కని సమాధి ఒకటి సెయింట్ డెనీ చర్చి నేల కింద ఉంది. 1959లో మిషెల్ ఫ్లరీ అనే పురాతత్వవేత్త దాన్ని తవ్వి తీశాడు. అందులో ఒక స్త్రీ అస్థిపంజరం, పట్టు బట్టల అవశేషాలు, గార్నెట్లు పొదిగిన నగలు ఉన్నాయి. వేలికి ఉంగరం, దాని మీద 'అర్నెగుండిస్' అన్న పేరు. ఫ్రాంకుల రాజు క్లొతార్ 1 భార్య, చిల్పెరిక్ 1 తల్లి అయిన అరెగుండ్ రాణి ఆమే అని గుర్తించారు. 6వ శతాబ్దపు చివరి పాదంలో వృద్ధాప్యంలో కన్నుమూసింది.

ఆ నగలనూ, ఇతర ఫ్రాంకుల నగలనూ పరీక్షించింది లూవ్ర్ మ్యూజియం భూగర్భంలోని 'అగ్లే' అనే కణ త్వరణి. కళాఖండాల కోసమే కట్టిన కణ త్వరణి ఇది. 1980ల చివరి నుంచి పనిచేస్తోంది. ప్రోటాన్లను వేగంగా తోసి, సూదిమొనంత సన్నని ధారగా బయటికి పంపి వస్తువు మీద పడేలా చేస్తారు. వస్తువును శూన్యపు పెట్టెలో బంధించే పని లేదు, బల్ల మీద ఉంచితే చాలు. ప్రోటాను తాకిన పరమాణువు ఎక్స్‌రే వదులుతుంది, మోంజాలో లాగానే. తేడా సున్నితత్వంలో ఉంది. పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లున్న మూలకాన్ని కూడా ఇది పట్టుకుంటుంది. తొమా కాలిగారో అనే శాస్త్రవేత్త, పాత్రిక్ పెరాన్ అనే పురాతత్వవేత్త కలిసి ఇలా రెండు వేలకు మించిన గార్నెట్ల లెక్క తీశారు.

గార్నెట్లో ఇనుము పాలు ఎక్కువైతే ఆల్మండిన్, మెగ్నీషియం పాలు ఎక్కువైతే పైరోప్. ఇవి ప్రధానమైనవి. వీటితోపాటు క్రోమియం, టైటానియం, యిట్రియం లాంటివి పిసరంత ఎంతున్నాయన్నది రాయి పుట్టిన కొండను బట్టి మారుతుంది. ఆ కొలతలను పటం మీద పెడితే రాళ్లు వాటంతట అవే గుంపులుగా విడిపోయాయి. 5, 6 శతాబ్దాల నగల్లో సింహభాగం ఇనుము ఎక్కువున్న రెండు గుంపులవి. వాటికి సరిపోయే శిలలు భారతదేశంలో ఉన్నాయి. అరెగుండ్ తర్వాతి తరాల సమాధుల్లో పరిస్థితి తారుమారు. చిన్న చిన్న రాళ్లు, క్రోమియం ఎక్కువున్న పైరోప్‌లు. అవి ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియావి. ఆ తర్వాత గార్నెట్ల ఫ్యాషనే అడుగంటింది.

ఎందుకు మారింది? చాలామంది చెప్పే కారణం 570 ప్రాంతంలో పర్షియన్ సస్సానిద్‌లు యెమెన్‌ను పట్టుకోవడం. ఎర్ర సముద్రం నోరు వాళ్ల చేతిలోకి పోయింది, భారతదేశపు సరుకు పశ్చిమానికి ఆగింది అంటారు. అంతకు ముందే సముద్ర వర్తకంలో పర్షియన్ వ్యాపారులదే పైచేయి అని బైజాంటైన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు కూడా. కానీ ఈ ఒక్క కారణం నాకు చాలదనిపిస్తుంది. అదే దారిలో రావలసిన శ్రీలంక నీలాలు 7వ శతాబ్దంలోనూ స్పెయిన్ చర్చిల్లో కనిపిస్తున్నాయి. దారి మూసుకుపోతే నీలం ఎలా వెళ్లింది? దారి ఇరుకై, ధర పెరిగి, నీలం లాంటి విలువైన రాయి మాత్రమే ఆ ఖర్చును తట్టుకుని ఉండాలి. పక్కనే బొహీమియాలో చవకగా ఎరుపు దొరికాక, దూరపు ఎరుపు కోసం ఎవరు పెట్టుబడి పెడతారు? వాడుకలో కూడా పలచని పలకల పనికి ఆదరణ తగ్గి, ఎత్తుగా నిలబడే గుండ్రని రాళ్లు వచ్చాయి.

ఈ ఎర్ర రాళ్లు భారతదేశంలో ఏ రేవులో ఓడెక్కాయన్నదానికి 6వ శతాబ్దపు సాక్ష్యం ఒకటుంది. తర్వాత సన్యాసి అయిన కోస్మస్ అనే అలెగ్జాండ్రియా వర్తకుడు గ్రీకులో రాసిన గ్రంథంలో, కాబెర్ అనే రేవు నుంచి 'అలబందెనమ్' ఎగుమతి అవుతుందని ఒక చిన్న ప్రస్తావన చేశాడు. కాబెర్ అంటే కావేరీ ముఖద్వారంలోని కావేరిపూంపట్టణం అనీ, ఆ సరుకు గార్నెట్ అనీ పండితులు ఎక్కువగా ఒప్పుకుంటారు. మిరియాలు, పట్టు గురించి పేజీలు రాసే వాళ్లు ఎర్ర రాయికి ఒక్క మాటే కేటాయించారు. ఆ ఒక్క మాట కూడా ఉండబట్టే మనకు రేవు తెలిసింది.

కావేరిపూంపట్టణానికి ఉత్తరంగా, పుదుచ్చేరి పక్కనే అరికమేడు ఉంది. 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వి, ఇటలీ నుంచి వచ్చిన ఎర్ర మట్టిపాత్రల పెంకులు చూపించాక ఆ ఊరు ప్రపంచానికి తెలిసింది. అక్కడ పూసలు చేసేవాళ్లు. నేలలో గార్నెట్ గులకరాళ్లు, సగం అరగదీసిన పూసలు, బెజ్జం వేస్తుండగా పగిలి పారేసినవి దొరుకుతాయి. 2017లో జర్మన్, భారతీయ, ఫ్రెంచి పరిశోధకులు వాటి మీద ఒక వివరమైన అధ్యయనం వెలువరించారు. కాలిగారో, పెరాన్ కూడా అందులో భాగస్వాములు. అరికమేడు రాళ్లు ఎక్కడివో కనిపెట్టడానికి వాళ్లు వచ్చి చేరిన చోటు తెలంగాణ. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట.

అరికమేడుకీ గరీబ్‌పేటకీ మధ్య పక్షి ఎగిరే దారిలోనే 600 కిలోమీటర్ల పైన. ఒకే రాయి అని ఎలా అన్నారంటే, రసాయన లెక్క ఒక్కదాని మీదే ఆధారపడలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గార్నెట్ల లోపలి భాగంలో సిల్లిమనైట్ అనే ఖనిజపు నూలుపోగుల్లాంటి నారలు గుంపుగా ఉన్నాయి. బయటి అంచు మాత్రం నిర్మలం. రాయి భూగర్భంలో పెరిగే దశలో మొదట చుట్టూ ఉన్న నారలను మింగుతూ పెరిగి, తర్వాత శుభ్రంగా పెరిగిందన్న మాట. గరీబ్‌పేట గుట్ట రాయిలోనూ సరిగ్గా అదే అమరిక. లోపలి నుంచి అంచుకు మూలకాలు మారే తీరు కూడా అదే. రెండు రకాల సాక్ష్యం ఒకే చోటును చూపినప్పుడు శాస్త్రవేత్తకు ధైర్యం వస్తుంది.

ఇలా రుజువైన సంబంధం అరికమేడు రాళ్లది. సెయింట్ డెనీ నగల్లోని రాళ్లకు భారతదేశపు గుర్తులున్నాయన్నంత వరకే లూవ్ర్ లెక్క వెళుతుంది. రాజస్థాన్‌లోనూ, ఒడిశాలోనూ గార్నెట్ గనులున్నాయి. వాటన్నిటికీ గరీబ్‌పేటకు జరిగినంత లోతైన పరిశీలన జరిగితే తప్ప, ఫలానా ఫ్రాంకు రాణి నగలోని రాయి ఫలానా గుట్టది అని ఎవరూ చెప్పకూడదు. మనవాళ్ల గొప్ప చాటుకోవాలన్న తొందరలో ఈ హద్దును దాటేస్తే, ఇంత ఓపిగ్గా చేసిన పనికి అన్యాయం చేసినట్టే. అయినా ఒక మాట నిర్భయంగా అనవచ్చు. కొత్తగూడెం అడవుల్లో వానకు కొట్టుకొచ్చిన ఎర్ర గులకలను ఏరి, మూటగట్టి, నెత్తిన పెట్టుకుని తీరానికి మోసిన మనుషులు ఉన్నారు. సుజేర్ తాను కొన్న మణుల ధర రాసిపెట్టాడు. మోంజా, ఆఖెన్ ఖజానాల జాబితాలు దాతల పేర్లు భద్రంగా ఉంచాయి. వీళ్ల పేరు మాత్రం ఎక్కడా లేదు. సిల్లిమనైట్ నారలే వీళ్ల గురించి మిగిలిన దస్తావేజు.

పచ్చల సంగతి క్లుప్తంగా చెబుతాను. దాన్ని మరో భాగంలో విడిగా తీసుకోవాలి. ఫ్రాన్స్ రాజు లూయీ 9, అంటే సెయింట్ లూయీ, 13వ శతాబ్దంలో చేయించిన పవిత్ర కిరీటంలో ఒక పెద్ద పచ్చ ఉండేది. 50 క్యారెట్ల పైబడ్డ ఆ రాయి ఇప్పుడు పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. గాస్తోన్ జూలియాని బృందం 2000లో దాని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిచింది. పచ్చ బరువులో దాదాపు సగం ఆక్సిజనే. అందులో మామూలు ఆక్సిజన్ 16కూ, బరువైన ఆక్సిజన్ 18కూ ఉండే నిష్పత్తి గనిని బట్టి మారుతుంది. వెంట్రుక మందం కంటే చిన్న గుంత చేసే అయాన్ ధారతో కొలిస్తే, అది ఆస్ట్రియా ఆల్ప్స్ పర్వతాల్లోని హబాఖ్‌టాల్ పచ్చ అని తేలింది. అదే అధ్యయనంలో హైదరాబాద్ నిజాం ఖజానాకు చెందిన నాలుగు పచ్చలూ ఉన్నాయి. తరతరాలుగా అవి తూర్పుదేశపు పాత గనుల రాళ్లని వర్తకులు చెబుతూ వచ్చారు. నాలుగింటిలో మూడు దక్షిణ అమెరికాలోని కొలంబియావి, ఒకటి అఫ్ఘానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయది. స్పెయిన్ ఓడలు అట్లాంటిక్ దాటించిన రాళ్లు దక్కన్ దాకా నడిచొచ్చాయి. 20వ శతాబ్దంలో కనుగొన్నామనుకున్న పంజ్‌షీర్ గని నుంచి అంతకు ముందే ఎవరో రాళ్లు తీశారు.

మళ్లీ లోహాలకు వస్తే, మరమ్మతుల ఆనవాళ్లు పట్టుకోవడంలో ఎక్స్‌రే పరీక్షకు సాటి లేదు. వెండి పాత్రకు బంగారు మలాము చేయడానికి పాతకాలంలో బంగారాన్ని పాదరసంలో కలిపి పూసి, కాల్చి పాదరసాన్ని ఆవిరి చేసేవాళ్లు. ఎంత కాల్చినా పాదరసం కొంత మిగులుతుంది, వెయ్యేళ్ల తర్వాత కూడా యంత్రానికి కనిపిస్తుంది. విద్యుత్తుతో పూత వేసిన 19వ శతాబ్దపు పనిలో ఆ పాదరసం ఉండదు. అతుకుల్లో కాడ్మియం కనిపిస్తే అది ఆధునిక కాలపు అతుకు. చర్చి ఖజానాల విషయంలో ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఆఖెన్ చరిత్రే చెబుతుంది. అక్కడి స్వర్ణకారుడు రైన్‌హోల్డ్ ఫాస్టర్స్ 19వ శతాబ్దంలో కెథెడ్రల్ ఖజానా వస్తువులను బాగుచేసేవాడు. పాత పని మీద అతనికున్న పట్టు అసామాన్యం. అతను చనిపోయిన చాలా ఏళ్లకు, 1970లలో, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అతని చిత్తు బొమ్మల కట్ట గుర్తించారు. రినైసాన్స్ కాలపు అద్భుతాలుగా పెద్ద పెద్ద మ్యూజియాలు కొనుక్కున్న ఎన్నో నగలు, పాత్రల నమూనాలు అందులో ఉన్నాయి. రినైసాన్స్ స్వర్ణకారుడు చెల్లినీ చేశాడని న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం నమ్మిన ఒక బంగారు పాత్ర కూడా ఫాస్టర్స్ పనేనని ఇప్పుడు ఒప్పుకున్నారు. అతన్ని దొంగ అనడం తేలిక. ఆ పనితనాన్ని చూసినవాళ్లకు అతన్ని చిన్నచూపు చూడటం మాత్రం సాధ్యం కాదు.

పైన చెప్పిన స్పెయిన్ నీలాల కథ పూర్తిగా వచ్చే భాగంలో. 1858లో తొలెడో దగ్గర గ్వారాజార్‌లో వానకు మట్టి కొట్టుకుపోయి బయటపడ్డ విసిగోత్ రాజుల కిరీటాలవి. తలమీద పెట్టుకోవడానికి కాకుండా చర్చిలో గొలుసులతో వేలాడదీయడానికి చేసినవి. 653 నుంచి 672 వరకు ఏలిన రెక్కెస్విన్త్ రాజు పేరు అక్షరం అక్షరంగా ఒక కిరీటం కింద వేలాడుతుంది. ఆ అక్షరాల బంగారం ఎక్కడి నుంచి వచ్చిందో అడగడానికి పరిశోధకులు ఏ దారులు వెతికారో అక్కడ చూద్దాం.